అక్క వేలికి తెరుచుకోని గేటు

గల్ఫ్‌లో ఏ ఊరు వెళ్లొచ్చినా మా బందర్లో దుబాయ్ వెళ్లొచ్చారనే అంటారు. మేం వెళ్లిన ఊరి పేరు నేను ఎన్నిసార్లు చెప్పినా మా వీధిలో ఒక్కరూ పలకలేదు. కాబట్టి నేనూ దుబాయ్ అనే రాస్తాను. కృష్ణా పుష్కరాలకు ముందటి శీతాకాలంలో మా అక్క సైదాబీతో కలిసి అక్కడికి వెళ్లి, రెండు నెలలకు కాస్త తక్కువగా ఉండి వచ్చాను. ఎత్తయిన మేడల గురించి, బంగారం బజారు గురించి చెప్పినవాళ్లు మీకు చాలామంది ఉంటారు. నేను ఎక్కువగా చూసింది లైన్లు. అందుకని వాటి గురించే చెబుతాను.

ముందు మా సంగతి. నాకు విజయవాడ గవర్నర్‌పేటలో రోల్డ్‌గోల్డ్ నగల కొట్టు ఉంది. అక్క బందరు పక్కన చిలకలపూడిలో ఉంటుంది. బావ పోయి పదేళ్లయింది. ఆయన ఉన్నప్పుడూ, పోయాకా అక్క చేసేది ఒకటే పని. రాగి మీద పల్చటి బంగారు రేకు తొడిగి చేసిన గాజుల్ని, గొలుసుల్ని ఆసిడ్ కలిపిన నీళ్లలో కడిగి, కుంకుడు రసం పోసి ఇత్తడి బ్రష్షుతో తోమి మెరుగు పెడుతుంది. ముప్పై ఏళ్లుగా అదే. తను మెరుగు పెట్టినవే తనూ వేసుకుంటుంది. మేం నూర్‌బాషీ ముస్లింలం. మా ఇళ్లలో తెలుగే మాట్లాడతాం. నాకు ఉర్దూ బేరాల మట్టుకు వచ్చు, అక్కకు అదీ రాదు.

అక్కకు ఒక్కతే కూతురు, షాహీన్. అల్లుడు రఫీ దుబాయ్‌లో సరుకులు ఎగుమతి చేసే ఒక ఆఫీసులో పని చేస్తాడు. షాహీన్‌కు నెలలు నిండాయి, కాన్పు అక్కడే. రఫీ అత్తగారికి ఫ్యామిలీ వీసా తీసి, తనే వచ్చి తీసుకెళ్తానన్నాడు.

"అల్లుడి పక్కన కూర్చుని నాలుగు గంటలు ఏం మాట్లాడను రా? నువ్వూ రా" అంది అక్క నాతో. అలా నాకూ ఒక విజిట్ వీసా వచ్చింది.

పామర్రులో ఒక కట్ట

బందరు నుంచి విజయవాడ వచ్చే బస్సు పామర్రులో ఆగింది. కోతలైపోయి చేలల్లో కుప్పలు వేసి ఉన్నాయి. కిటికీ దగ్గరికి తేగలమ్మే ముసలామె వచ్చింది. కట్ట పది రూపాయలంది. ఆరుకిస్తావా అని అక్క, ఎనిమిదికి తక్కువ రాదని ఆమె. డ్రైవర్ హారన్ కొట్టాక ఏడు దగ్గర తెగింది.

"కడుపుతో ఉన్నప్పటినుంచీ తేగలు తేగలు అంటోంది పిల్ల" అంటూ అక్క కట్టను చేతిసంచిలో అడుగున పెట్టింది. రఫీ ఏదో చెప్పబోయి ఊరుకున్నాడు. విమానాశ్రయాల సంగతి తెలిసినవాడు అతనొక్కడే మాలో.

అద్దానికి అవతల

మధ్యాహ్నం దుబాయ్‌లో దిగాం. మా బందరు బస్టాండు నాలుగు పట్టేంత హాలు, చల్లగా, పాలరాయి పరిచి ఉంది. దాని నిండా మనుషులు పాములా మెలికలు తిరిగిన లైన్లలో నిలబడి ఉన్నారు.

రఫీ పర్సులోంచి ఒక కార్డు తీశాడు. "మావయ్యా, మీరిద్దరూ ఆ లైన్లోకి వెళ్లండి. నాకు ఈ-గేట్ కార్డుంది, నేనటు వెళ్లి సామాను అందుకుంటాను. మహా అయితే అరగంట పడుతుంది మీకు."

పక్కన ఒక చిన్న గేటు ఉంది. రఫీ కార్డు పెట్టగానే మొదటి తలుపు తెరుచుకుంది. లోపల ఒక అద్దం ముక్క మీద వేలు పెట్టాడు. రెండో తలుపు తెరుచుకుంది. నేను మనసులో ఇరవై దాకా లెక్కపెట్టాను, అంతే. అవతల నుంచి మాకు చెయ్యూపాడు.

ఆ దేశంలో ఉంటున్నవాళ్లు ముందే వెళ్లి వివరాలూ వేలిముద్రా ఇస్తే ఆ కార్డు ఇస్తారు. తర్వాత వస్తున్నప్పుడూ పోతున్నప్పుడూ ఎవరూ ఏమీ అడగరు. విమానంలో రఫీ అక్కకు దాన్నిలా చెప్పాడు: "నమ్మకమైన మనిషని ముందే చూసి పెట్టుకుంటారత్తా. ఇక ఆపరు."

అరగంట గడిచింది. మేం ఒక మెలిక తిరిగాం. చక్రాల కుర్చీ తోసే అతను వచ్చి అక్క మోకాళ్లకేసి చూసి సైగ చేశాడు.

"నడుస్తున్నదాన్ని కుర్చీలో తోయించుకుంటానా? వద్దు బాబూ" అంది అక్క.

గంటయ్యేసరికి ఆ మాట అన్నందుకు బాధపడింది. సంచి మీద కూర్చోబోతే కాపలా అతను లేవమన్నాడు. మా వెనకాల రాజోలు వైపు నుంచి వచ్చిన కాంతమ్మ అనే ఆవిడ ఉంది. ఒక షేక్ ఇంట్లో వంటపనికి ఇది మూడోసారి రావడమట.

"రెండు కాళ్ల మీదా బరువెయ్యకండక్కా" అంది. "ఒక కాలికి సెలవిచ్చి ఇంకో కాలి మీద నిలబడండి. పది అడుగులయ్యాక మార్చండి. మేం అలాగే నిలబడతామండి."

అక్క అలాగే చేసింది. ఇద్దరూ ఒకే వైపు ఒరిగి నిలబడి కాన్పుల గురించి మాట్లాడుకున్నారు. కాంతమ్మ తన చిన్నపిల్ల ఫొటో చూపించింది. పిల్లకు మూడేళ్లు. ఏడాదిన్నరగా అమ్మమ్మ దగ్గరే ఉంటోందట.

అద్దానికి అవతల రఫీ మా సామాను బండి పక్కన అటూ ఇటూ తిరుగుతున్నాడు. మధ్యలో ఒకసారి వెనక్కి రాబోతే ఆపేశారు. ఆ గేటు ఒక వైపే తెరుచుకుంటుంది. అతనికి మేం, మాకు అతను కనిపిస్తున్నాం. మాట మాత్రం చేరదు. అతను చేతులు జోడించి చూపించడం ఒకసారి చూశాను.

రెండు గంటలు దాటాక కౌంటరు చేరాం. అధికారి పాస్‌పోర్టులో పేర్లు చూసి ఉర్దూలో ఏదో అడిగాడు. అక్క నావైపు చూసింది. నేను బేరాల ఉర్దూలో సమాధానం చెప్పాను. అతను మళ్లీ అక్కనే అడిగాడు.

"నాకు తెలుగే వచ్చు నాయనా" అంది అక్క, తప్పు ఒప్పుకుంటున్నట్టు. అతనికి ఏం అర్థమైందో, నవ్వి ముద్ర కొట్టాడు.

బయటికి రాగానే రఫీ అక్క చేతిసంచి అందుకున్నాడు. "ఇంతసేపవుతుందనుకోలేదత్తా. నేను లైన్లో నిలబడి ఏడాది దాటింది. ఎలా ఉంటుందో మర్చిపోయాను."

అక్క మోకాలు పట్టుకుని బండి మీదకు వంగింది.

ఆఖరున కస్టమ్స్ వాళ్ల యంత్రంలో తేగల కట్ట ఆగిపోయింది. తెర మీద అవి ఎలా కనిపించాయో మరి, ఇద్దరు అధికారులు పిలిచారు. రఫీ అరబ్బీలో తాటిచెట్టని, గింజని, వేరని ఏదేదో చెబుతున్నాడు. అక్క ఒక తేగ తీసి, నిలువునా చీల్చి, పీచు లాగి, ముందు తను ఒక ముక్క కొరికి మిగతాది వాళ్లకు చాపింది. వాళ్లు తినలేదు గానీ సంచి మూసి తిరిగి ఇచ్చేశారు.

చేపలూ రొట్టెలూ

అక్కడ ఖుబూస్ అని మెత్తటి రొట్టె దొరుకుతుంది. దిర్హాముకు ఒక కట్ట. మన లెక్కలో పన్నెండు రూపాయలు, ఇద్దరికి రెండు పూటలు గడుస్తుంది. అన్నం లేందే ముద్ద దిగని అక్క కూడా పప్పులో ముంచుకుని తినేది. మలయాళీల హోటల్లో పాలు లేని టీ ఇస్తారు, నిమ్మకాయ పిండి. నాకు నచ్చింది, అక్క "జ్వరానికి కషాయం" అని పక్కన పెట్టేసింది.

నీళ్లు సీసాల్లో కొనుక్కుంటారు, పెట్రోలు మాత్రం ధర అడక్కుండా పోయించుకుంటారు. కాలువ గట్టున పుట్టిన అక్కకు అది మింగుడుపడలేదు. పాత్రలు కడిగిన నీళ్లు పారబోయడానికి మొక్క కోసం వెతికేది.

చేపల బజారుకు వెళ్లిన రోజు మాత్రం అక్క రాణి. మొప్పలెత్తి చూసి, కళ్లు నొక్కి చూసి, "ఇది నిన్నటిది" అని తెలుగులోనే చెప్పేది. అమ్మే బెంగాలీ అతను మొదట కాదన్నాడు, తర్వాత నవ్వి లోపల్నుంచి వేరే తీశాడు. రెండోసారి వెళ్లేసరికి మమ్మల్ని చూసి నేరుగా లోపలి పెట్టె తెరిచాడు.

మేం వెళ్లిన ఎనిమిదో రోజున షాహీన్‌కు ఆడపిల్ల పుట్టింది. తల్లీబిడ్డా క్షేమం. అక్క పాపను ఎత్తుకుని కిటికీ దగ్గర నిలబడి, దూరంగా కనిపిస్తున్న సముద్రం చూపించి, "ఇదీ మన సముద్రమే అమ్మా, కొంచెం చుట్టు తిరిగి రావాలి" అంది.

పది వేళ్లు

ఆ రెండు గంటల లైను రఫీని వదల్లేదు. అక్క పాస్‌పోర్టులో ఫ్యామిలీ వీసా ముద్ర పడగానే, ఆమెకూ ఒక కార్డు తీయిద్దామన్నాడు. అతని మనసులో ఒక లెక్క ఉంది. అత్తగారు ఆరు నెలలు ఇక్కడ, ఆరు నెలలు అక్కడ. నెమ్మదిగా ఇక్కడే. కార్డుంటే రాకపోకలకు భయం ఉండదు.

కార్డులిచ్చే గదిలో నల్లటి బురఖా వేసుకున్న ఒక అమ్మాయి కంప్యూటర్ ముందు కూర్చుని ఉంది. అక్క చూపుడు వేలు అద్దం మీద పెట్టించింది. తెర మీద బూడిదరంగు మచ్చ వచ్చింది తప్ప గీతలు రాలేదు. తడి కాగితంతో తుడిచి మళ్లీ పెట్టించింది. బొటనవేలు, మధ్యవేలు, ఎడమ చెయ్యి. తన సంచిలోంచి క్రీము తీసి తనే అక్క వేళ్లకు రాసి, కాసేపాగి మళ్లీ చూసింది. పది వేళ్లూ అయ్యాయి.

"ఏం పని చేస్తారు?" అని రఫీని ఇంగ్లీషులో అడిగింది. అతను చెప్పాడు. ఆ అమ్మాయి అక్క చేతిని తన చేతిలోకి తీసుకుని వేలి కొసలు తడిమి చూసింది. కొసలు గాజుముక్కల్లా నున్నగా ఉన్నాయి. ఇన్నేళ్లూ నేను ఆ చేతుల్నుంచే సరుకు అందుకుంటున్నాను, ఒక్కసారీ గమనించలేదు.

"కొన్ని వారాలు ఆ పని మానేస్తే గీతలు మళ్లీ వస్తాయి. అప్పుడు తీసుకురండి" అందట.

అక్క ఇంటికొచ్చాక దీపం కింద చెయ్యి పెట్టుకుని చూసుకుంది.

"నమ్మకమైన మనిషని చూసి పెట్టుకుంటారన్నావు కదా నాయనా" అంది రఫీతో. "నా విషయంలో నమ్మకం కుదరలేదన్నమాట."

"అది యంత్రం అత్తా. దానికి మనుషులు తెలీదు."

"యంత్రం ముందు కూర్చున్న పిల్ల మంచిది" అంది అక్క. కానీ ఆ రాత్రి అన్నం సగంలో వదిలేసింది. రెండు రోజులు చేపల బజారుకూ రానంది.

గీతలొచ్చాయి

నలభై రోజులు ఎలా గడిచాయో తెలీదు. పాపకు నూనె రాయడం, స్నానం, సాంబ్రాణి ధూపం. ఆ ధూపానికి పొగ పసిగట్టే గంట మోగి మేడ మొత్తం మెట్లెంట కిందికి దిగింది. రఫీ ప్రతి ఇంటికీ వెళ్లి క్షమాపణ చెప్పి వచ్చాడు. పై అంతస్తు మలయాళీ ఆవిడ తనకూ కొంచెం సాంబ్రాణి కావాలని అడిగింది.

ఆసిడ్ తగలక, బ్రష్షు పట్టక, రోజూ నూనెలో మెదిగిన అక్క వేళ్ల కొసల్లో సన్నగా గీతలు కనిపించసాగాయి. ముందు చూసింది షాహీన్. తల్లి చెయ్యి పట్టుకుని రఫీని పిలిచింది. అతను ఫోన్ వెలుతురులో చూసి, చిన్నపిల్లాడిలా సంబరపడ్డాడు.

"రేపే వెళ్దామత్తా. ఈసారి పడుతుంది."

"ఇక్కడే ఉండిపోరాదా అమ్మా" అంది షాహీన్. "ఆ పని ఇంకెందుకు? ఎవరికోసం?"

అక్క చెయ్యి వెనక్కి తీసుకుంది. పాపను ఒళ్లో సర్దుకుంటూ అంది. "ఆ పని చేసే నిన్ను చదివించాను. మీ నాన్న మందులూ దానితోనే కొన్నాను. ఇప్పుడు ఎవరికోసం అంటే, నాకోసమే అనుకో. పనంటే నాకిష్టం. ఇంటికెళ్లగానే మొదలెడతాను, మొదలెట్టిన నెలకు ఈ గీతలు పోతాయి. అప్పుడు ఆ కార్డులో ఉన్న వేలు ఎవరిదవుతుంది?"

షాహీన్ కళ్లు తుడుచుకుంది. "అయితే మళ్లీ రావా?"

"వస్తానో రానో ఇప్పుడే ఏం చెప్పను. మానమని మాత్రం అనకండి."

రఫీ ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. మళ్లీ కార్డు ఊసెత్తలేదు.

లైన్లో నలుగురం, ఒక పాప

పాపను రెండు వైపులా బంధువులకు చూపించడానికి అందరం కలిసే బయలుదేరాం. వెళ్లేటప్పుడు కూడా పాస్‌పోర్టుల దగ్గర అదే లైను, పక్కనే అదే గేటు. రఫీ కార్డు పర్సులోనే ఉంది. అతను మా వెనకాల వచ్చి నిలబడ్డాడు.

"నువ్వటు వెళ్లు నాయనా" అంది అక్క.

"సామాను ముందే ఇచ్చేశాం కదత్తా. అటెళ్లి నేనేం చేయాలి?"

గంటన్నర పట్టింది. పాప నాలుగు చేతులు మారింది. షాహీన్ గోడవార కూర్చుంది, పసిపాపతో ఉందని ఎవరూ ఏమీ అనలేదు. ఒక కాలికి సెలవివ్వడం అక్క రఫీకి నేర్పింది. కదలక కదలక కదులుతున్న ఆ లైన్లో అతను, రేకు రాగికి ఎలా అంటుతుందని అడిగాడు. పెళ్లై ఆరేళ్లయినా ఎప్పుడూ అడగలేదట. అక్క కొలిమి దగ్గర మొదలుపెట్టి మెరుగు దాకా అంతా చెప్పింది.

తర్వాత అతను చెప్పాడు. వచ్చిన కొత్తల్లో గదికి ఎనిమిదిమంది ఉండేవాళ్లమని, ఎక్కడికెళ్లినా కాగితాలు చూపించమనేవారని, ప్రతి కౌంటరు దగ్గరా భయపడుతూ నిలబడేవాణ్నని.

"ఆ కార్డొచ్చిన రోజు ఎవరూ ఏమీ అడక్కుండా వదిలేశారత్తా. మొదటిసారి. అందుకే మీకూ ఉండాలనుకున్నాను."

అక్క అతని భుజం మీద చెయ్యి వేసింది. మా ఇళ్లలో అత్త అల్లుణ్ని ముట్టుకోవడం నేను ఎరగను. లైను ముందుకు కదిలేదాకా ఆ చెయ్యి అక్కడే ఉంది.

ఆకుపచ్చ దారి

హైదరాబాదులో దిగాక కస్టమ్స్ దగ్గర రెండు దారులు. పన్ను కట్టాల్సిన వస్తువులున్నవాళ్లకు ఎర్ర దారి, లేనివాళ్లకు ఆకుపచ్చ దారి. మన మాట నమ్మి వదిలే దారి అది. మేం అందులోకి నడిచాం. పది అడుగులు వేయగానే ఒక లేడీ ఆఫీసరు అక్కను ఆపింది. అక్క చేతులకు ఎనిమిది గాజులు, మెడలో పొడవాటి గొలుసు. వస్తున్నది దుబాయ్ నుంచి.

"ఆ గాజులు ఎంతకు కొన్నారమ్మా?"

"కొనలేదండీ. కొట్లో జత నూటఎనభై."

"నూటఎనభై రూపాయలకు బంగారం ఎక్కడిస్తున్నారు?" అంటూ ఆమె మమ్మల్ని పక్కగదిలోకి తీసుకెళ్లింది. నగలు పరీక్షించే పెద్దాయన గీటురాయి, ఆసిడ్ బుడ్డీ తీశాడు. నేను నగల కొట్టువాణ్ని, ఈ సరుకే అమ్ముతాను, అయినా ఒక అడుగు వెనక్కి వేశాను.

అక్క మాత్రం గాజు తీసి బల్ల మీద పెట్టి, వంగి చూసింది. "పైన గీస్తే బంగారమే చూపిస్తుందండీ. పైన రేకు అసలుదే. లోపలి అంచున, అతుకు దగ్గర గీయండి. తూకం కూడా చూడండి, బంగారమైతే ఇంకా బరువుండాలి."

పెద్దాయన అద్దాల పైనుంచి చూశాడు. "మీకెలా తెలుసు?"

"మెరుగు పెట్టింది నేనే."

ఆయన అతుకు దగ్గర గీశాడు. రాయి మీద ఎర్రటి రాగి గీత పడింది. గాజును వెలుతురుకు పట్టి చాలాసేపు తిప్పి చూశాడు. "బందరుదా? అతుకు ఎక్కడుందో నాకే కనబడలేదమ్మా."

లేడీ ఆఫీసరు తనే గాజులు అక్క చేతికి తొడిగింది. "ఏమీ అనుకోకండి, మా డ్యూటీ అలాంటిది" అని, గొంతు తగ్గించి, "ఇలాంటివి ఎక్కడ దొరుకుతాయి?" అంది. నేను నా కొట్టు కార్డు ఇచ్చాను. వద్దనలేదు.

గవర్నర్‌పేటలో టిఫిను

తెల్లారి విజయవాడలో దిగి, మా కొట్టు ఎదురు హోటల్లో కూర్చున్నాం. ప్లేటు ఇడ్లీ ఎనిమిది రూపాయలు, అల్లప్పచ్చడి అడిగినంత. రెండు నెలల తర్వాత అందరూ మన మాటే మాట్లాడుతుంటే చెవులు తేలికపడ్డాయి. అక్క మూడో ఇడ్లీ తుంచుతుండగా రఫీ అడిగాడు.

"అత్తా, మళ్లీ రమ్మంటే వస్తారా?"

అక్క ముద్ద నమిలి, నీళ్లు తాగింది. "వస్తాను. కానీ అరగంటని చెప్పకు. రెండు గంటలంటే రెండు గంటలని ముందే చెప్పు. తెలియక నిలబడటం వేరు, తెలిసి నిలబడటం వేరు."

ఇంటికెళ్లిన మర్నాడే అక్క పనిలో కూర్చుంది. నెల తిరిగేసరికి వేళ్లు ఎప్పటిలా అయ్యాయి.

ఆ తర్వాతి ఏడు వేసవి సెలవుల ముందు మళ్లీ వెళ్లింది. రఫీకి సెలవు దొరకలేదు, నాకు కొట్టు వదిలే వీల్లేదు. ఒక్కతే వెళ్లింది. ఆ సాయంత్రం నేను ఫోను పక్కనే కూర్చున్నాను. చీకటి పడుతుండగా మోగింది. వెనకాల పాప ఏదో అరుస్తోంది, అక్క గొంతు అలసిపోయి ఉంది.

"రెండు గంటల పది నిమిషాలు పట్టింది తమ్ముడూ" అంది. "దాటేశాను."